మాదాపూర్ మీదుగా బ్రస్సెల్స్

లింగమూర్తి పర్మనెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన రోజు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో వాళ్ళ వీధి వీధంతా పరామర్శకి వచ్చింది. ఎవరూ పోలేదు కాబట్టి ఏడవలేదు గానీ కూర్చున్న తీరు మాత్రం అదే.

"ప్రభుత్వ సంస్థండీ. పెన్షనండీ. చేతులారా వదులుకుంటారా ఎవరైనా?" అని ఎదురింటి సోమేశ్వరరావు గారు గోడకీ, ఫ్యానుకీ, కేలండరుకీ విడివిడిగా చెప్పారు. లింగమూర్తి భార్య కనకలక్ష్మి అందరికీ టీ ఇచ్చింది. చక్కెర కాస్త ఎక్కువే వేసింది, ఇది చావు కాదని గుర్తు చేద్దామని.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడి పంతొమ్మిది వందల్లోకి వెనక్కి పోతాయని లోకమంతా పరేషాన్ అవుతున్న రోజులవి. వాటిని బాగుచేయాలంటే పాతకాలపు కంప్యూటరు భాష వచ్చినవాళ్ళు కావాలట. లింగమూర్తికి వచ్చింది ఆ భాష ఒక్కటే. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో ఒక కంపెనీ అతన్ని పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చింది. పాతబడిపోవడం కూడా ఒక అర్హత అవుతుందని, అదీ తన మొగుడి విషయంలో అవుతుందని కనకలక్ష్మి ఎన్నడూ అనుకోలేదు.

మొదటిరోజు ఆఫీసు నుంచి వచ్చి అతను చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"మేనేజరు పేరు రాకేశ్. మీసం ఇంక సరిగ్గ రాలే. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నడు కనకం. లింగమూర్తీ అని. సార్ లేదు, గారు లేదు."

"పేరు పెట్టింది పిలవనీకే గద! పలికినరా మరి?"

"యాడ పలుకుతం? వేరే ఎవరినో అనుకున్న."

అయితే ఆ మర్నాటి నుంచీ ఇంట్లో ఒక వింత మొదలైంది. పాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు గురించి "రేపు సెలవు" అన్న ముక్క తప్ప ఇంకోటి చెప్పని మనిషి, అన్నం కలుపుతూ కబుర్లు చెప్పసాగాడు. ఆ పిల్లలు ఏం తిన్నారో, ఎవరు ఎవరితో పందెం కాశారో, ప్రోగ్రాములో తప్పు ఎక్కడ దొరికిందో. మెడలో వేలాడే గుర్తింపు కార్డుతోనే మొక్కలకి నీళ్ళు పోసేవాడు. కనకలక్ష్మి ఆ కార్డు తీసేయమని అనలేదు. తీస్తే మాటలు కూడా ఆగిపోతాయేమోనని.

అప్పుడొచ్చింది బ్రస్సెల్స్ కబురు. బెల్జియంలో ఒక బీమా కంపెనీ కంప్యూటర్లు బాగుచేయాలి, లింగమూర్తి వెళ్ళాలి. పరామర్శకి వచ్చిన వీధే ఈసారి అభినందనలకి వచ్చింది. సోమేశ్వరరావు గారు పంచాంగంతో వచ్చి, ఎన్నిసార్లో వేళ్ళు మడిచి, గడప దాటవలసిన ఘడియ పెట్టారు.

"నా ముహూర్తానికి బయల్దేరినవాళ్ళు వెనుదిరిగి చూసింది లేదండీ. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి."

ఏప్రిల్ ఎండలో ఒక వ్యాను మాట్లాడుకుని అందరూ బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళారు. పెట్టెనిండా ఉన్నిబట్టలు. వాటి మధ్య కుక్కరు, కుక్కరు లోపల మేజోళ్ళు, మేజోళ్ళలో ఎండుమిరపకాయలు. మెడలో బంతిపూల దండలు పడేసరికి లింగమూర్తి సర్పంచి ఎన్నికలో గెలిచినవాడిలా నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. వ్యాను పాటలు పాడుకుంటూ తిరిగొచ్చింది. కనకలక్ష్మి అందరికీ ఉప్మా పెడుతుంటే ఫోను మోగింది.

"నేనే. ఎయిర్‌పోర్టు బయట ఉన్న."

"బయటనా?"

"ఆఫీసు మనిషి వచ్చి ఆపిండు. ఆ బీమా కంపెనీవాళ్ళు ఇప్పుడే వద్దన్నరట. మళ్ళ చెప్తరట. రేపు ఆఫీసుకు రమ్మన్నరు. ఆటో పట్టుకొని ఇంటికొస్తున్న."

కనకలక్ష్మి హాలు వైపు చూసింది. సోమేశ్వరరావు గారు ఉప్మాలోని జీడిపప్పు ఏరుకుంటూ, తన ముహూర్తబలం గురించి పక్కింటాయనకి చెబుతున్నారు. కనకలక్ష్మి ఫోను గట్టిగా పట్టుకుంది.

"ఓహో, విమానం ఎక్కుతున్రా? మంచిది. జర మాదాపూర్ చిన్నమ్మను తలుచుకొని పోండ్రి. గామెను చూడకుండ ఇంకెక్కడికి పోయినా బాగుండదు. సమజైందా?"

అవతల ఒక ఆటో హారను మోగింది. తర్వాత "ఐంది" అన్నాడు లింగమూర్తి.

ఆ విధంగా బ్రస్సెల్స్ వెళ్ళవలసిన మనిషి మాదాపూర్ ఊళ్ళో, గుండ్రటి భవనం వెనకాల, కనకలక్ష్మి పిన్ని ఈరమ్మ ఇంట్లో దిగాడు. ఈరమ్మకి అల్లుడంటే అల్లుడే, ఏ దేశం పోవలసినవాడైనా సరే. బర్రెల కొట్టం పక్క గది అలికి, నులక మంచం వేసి, రోజూ కోడిని కొయ్యసాగింది.

ఇక్కడ కాలనీలో కనకలక్ష్మి బెల్జియంని ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. కూతురు హర్షిణికి అసలు సంగతి చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. ఏడో క్లాసు చదివే ఆ పిల్ల తల్లికంటే బాగా అబద్ధమాడింది. "నాన్నకు అక్కడి బ్రెడ్డు పడ్తలేదంట" అని ఎవరూ అడగకుండానే చెప్పేసరికి కనకలక్ష్మికి కొంచెం భయం కూడా వేసింది.

ఒక సాయంత్రం సోమేశ్వరరావు గారి భార్య జయలక్ష్మి గారు కరివేపాకుకని వచ్చి కూర్చున్నారు. అదే సమయానికి లింగమూర్తి మాదాపూర్ ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. విదేశాల ఫోనంటే అరవాలి కదా. కనకలక్ష్మి అరిచింది.

"హలో! వినబడుతుందా! అక్కడ టైమెంతయింది?"

"నీకెంతైందో నాకూ గంతే. ఎందుకట్ల అరుస్తున్నవు?"

"చలి ఎట్లున్నది?"

"చెమటకు బనీను పిండుతున్న. పెట్టెల అన్నీ ఉన్నివే పెట్టినవు. ఆఫీసుకు సూటు వేసుకొని పోతున్న. అందరు నన్నే చూస్తున్రు. నూలు అంగీలు పట్టుకరా కనకం."

"జాగ్రత్త, మంచులో తిరగకండి!" అని పెట్టేసింది.

"పాపం, ఎంత చలో" అన్నారు జయలక్ష్మి గారు కరివేపాకు ఒళ్ళో పోసుకుంటూ.

మర్నాడు కనకలక్ష్మి అంగీల సంచీతో బస్సెక్కి మాదాపూర్ వెళ్ళింది. ఈరమ్మ గేటు దగ్గరే అందుకుంది.

"ఏం బిడ్డా, నీ మొగడు విమానం దిగిండా, ఎక్కిండా? పొద్దున కోటేసుకొని పోతుంటే నా బర్రె బెదిరి కట్టు తెంపుకున్నది."

"దిగలే, ఎక్కలే చిన్నమ్మా. నడుమ ఉన్నడు."

"ఉండనియ్ తియ్. మా జాగల గా అద్దాల మేడ లేచినంక మేం గూడ నడుమనే ఉన్నం."

లింగమూర్తి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడలో కార్డు లేదు. అది కిటికీ చువ్వకి వేలాడుతోంది. కనకలక్ష్మి ముందు అదే చూసింది.

"రాకేశ్ ఏమంటడు?"

"ఫికర్ చేయకు లింగమూర్తీ, డేట్ వస్తది అంటడు. రాకపోతే? నన్ను పెట్టుకున్నదే ఆ పనికి. ఇంక ప్రొబేషన్ల ఉన్న. పొమ్మంటే పోవుడే." గొంతు తగ్గించాడు. "పాత ఆఫీసుల పెద్దసారును కలుద్దామని అనుకుంటున్న. రాజీనామా వాపస్ ఇస్తరేమో. తప్పు చేసిన కనకం. ఈ వయసుల పోరగాళ్ళ నడుమ నాకేం పని?"

ఆమె అంగీలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. అన్నం కలుపుతూ అతను చెప్పిన కబుర్లు గుర్తొచ్చాయి. వాటికి ముందు ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు ఎంత స్పష్టంగా వినబడేదో అదీ గుర్తొచ్చింది. వద్దంటే ఇంకా పట్టుబడతాడు, ఆ సంగతి ఆమెకి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది.

"కలువుండ్రి. నేనేం కాదనను. కానీ మీరు బ్రస్సెల్స్‌ల ఉన్నరు గద! గక్కడి నుంచి పాత ఆఫీసుకెట్ల పోతరు? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?"

లింగమూర్తి నూలు అంగీ ఒకటి అందుకున్నాడు. బ్రస్సెల్స్‌లో ఉన్నవాడు పాత ఆఫీసు మెట్లెక్కలేడు. ఆ రోజుకి ఉద్యోగం దక్కింది.

ఈ ఏర్పాటు ఇంకొన్నాళ్ళు సాగేదే. కానీ ఆ రోజుల్లో మాదాపూర్‌లో ప్లాటు చూడనివాడు కాలనీలో పాపాత్ముడు. సోమేశ్వరరావు గారు కూడా ఒక బ్రోకరు వెంట వెళ్ళారు. ఒక రాత్రి గడిచేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నే గొడుగు పట్టుకుని ఒక్కరే వచ్చి, కనకలక్ష్మి ఇచ్చిన కుర్చీలో నిదానంగా కూర్చున్నారు.

"అమ్మాయ్, బ్రస్సెల్స్‌లో గేదెలు బాగా పుష్టిగా ఉంటాయటగా?"

కనకలక్ష్మి చేతిలో చేట ఆగిపోయింది.

"నిన్న చూశానమ్మా. మీ ఆయన లుంగీ కట్టుకుని ఒక గేదె పక్కన నిలబడి పళ్ళు తోముకుంటున్నారు. ముందు గేదెనే చూశాను."

ఆమె ఇంక దాచలేదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ వచ్చే మర్యాద భాషలో, మొదటి నుంచీ జరిగిందంతా చెప్పింది. ఆయన విని గొడుగు కొనతో నేలమీద గీతలు గీశారు. ఎగతాళి చేస్తారనుకుంది. చేయలేదు. అది ఇంకా ప్రమాదం.

"చూడమ్మా, ఆయన పాత ఆఫీసులో పెద్దాయన మా తోడల్లుడికి తెలుసు. ఈ సాయంత్రమే మాట్లాడతాను. గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ చేర్చేసుకోవచ్చు. నేను ఆనాడే అన్నాగా, పెన్షను ఉద్యోగం అని."

ఆయన మంచికే అంటున్నారు. మాట్లాడితే పని జరుగుతుంది కూడా. లింగమూర్తి చెవిన పడితే తలవంచుకుని వెళ్ళిపోతాడు, తర్వాత రిటైరయ్యే దాకా ఆదివారం కోసం చూస్తాడు. కనకలక్ష్మి చేట పక్కన పెట్టింది.

"మీ దయ బాబాయిగారూ. అలాగే చేద్దాం. అందరికీ చెప్పేద్దాం, వెళ్ళలేదని. కాకపోతే నాకు ఒక్కటే బాధ. ముహూర్తం మీరు పెట్టింది. మీ ముహూర్తానికి బయల్దేరి వెనక్కి వచ్చిన మొదటి మనిషి మావారే అవుతారు."

సోమేశ్వరరావు గారి గొడుగు ఆగింది.

"రేపు చివరింటి వాళ్ళ అమ్మాయి కాపురానికి వెళ్ళాలట. మీ దగ్గరికే వద్దామనుకుంటున్నారు" అంది ఆమె, ఏమీ ఎరగనట్టు చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని బియ్యంలో రాయి ఏరుతూ. ఆ రాయి బయటికి విసిరి మెల్లగా అందుకుంది. "మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఒకటి చేసేవాళ్ళు. మంచి ఘడియ ఒకనాడు ఉండి, ప్రయాణం ఇంకోనాడైతే, ఆ ఘడియకి పెట్టె తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెట్టేవాళ్ళు. బయల్దేరినట్టే లెక్క. దాన్ని ఏమో అంటారండీ..."

"ప్రస్థానం!" సోమేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. "ప్రస్థానం పెట్టడం అంటారమ్మా. శాస్త్రమే అది. మూట పెట్టినా చాలు, ఇక్కడ మనిషే వెళ్ళి పెట్టెతో సహా ఉన్నాడు. ఇంకా దివ్యం. తిరిగి సొంత గడప తొక్కాడా?"

"లేదండీ."

"తొక్కకూడదు! అక్కణ్ణించే వెళ్ళాలి. ముహూర్తం చెక్కుచెదరలేదు."

"అయితే మీ తోడల్లుడు గారికి..."

"ప్రస్థానంలో ఉన్నవాడు వెనక ఉద్యోగం తలుచుకోవడమేంటమ్మా, అపచారం!" అని ఆయన చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి వీధంతా తెలిసింది. విమానం వాయిదా పడే సూచన పంచాంగంలోనే కనబడిందనీ, అందుకే తానే ప్రస్థానం పెట్టించాననీ ఆయన ఇంటింటికీ చెప్పారు. సాయంత్రం జయలక్ష్మి గారు కరివేపాకు లేకుండానే వచ్చారు.

"మరి ఆ ఫోనేమిటమ్మా? మంచులో తిరగకండి అన్నావు?"

"అది కూడా ప్రస్థానమేనండి పిన్నిగారూ. ముందుగా పెట్టి ఉంచాం."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు.

ఆదివారం కాలనీ సగం మాదాపూర్ వెళ్ళి లింగమూర్తిని చూసొచ్చింది. ఈరమ్మ అందరికీ చల్ల పోసి, "పుణ్యక్షేత్రం లెక్కనే అయిపాయె నా కొట్టం" అంది. దాక్కునే పని లేకపోయేసరికి లింగమూర్తికి మొదట ఏం చేయాలో తోచలేదు. తర్వాత నూలు అంగీ వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. పాత ఆఫీసు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే అడ్డుకోవడానికి ఒక వీధి, ఒక శాస్త్రం కాపలా ఉన్నాయి. నెల తిరగకుండానే రాకేశ్ బండి మీద ఈరమ్మ వాకిట్లోకే వచ్చి, "లింగమూర్తీ, డేట్ వచ్చింది!" అని అరిచాడు. "వస్తున్న!" అని లోపలి నుంచి జవాబు వచ్చిందని ఈరమ్మ తర్వాత చెప్పింది.

ఈసారి దండల్లేవు, వ్యానూ లేదు. ఆ రోజు ఘడియ ఏమంత బాగాలేదట గానీ ప్రస్థానం పెట్టాక ఘడియతో పనిలేదని సోమేశ్వరరావు గారు తేల్చారు. పెట్టెలో కుక్కరు, దాని లోపల మేజోళ్ళు అలాగే ఉన్నాయి. మిరపకాయలు మాత్రం ఈరమ్మ కోడికూరలో అయిపోయాయి.

తర్వాతి వారం ఫోను మోగినప్పుడు జయలక్ష్మి గారు అక్కడే ఉన్నారు. కనకలక్ష్మి అలవాటు కొద్దీ అరిచింది.

"హలో! టైమెంతయింది అక్కడ?"

"నీకంటె వెనక ఉన్న. వాన పడుతున్నది" అన్నాడు లింగమూర్తి. ఈసారి అతనూ అరుస్తున్నాడు.

"వానట పిన్నిగారూ."

"మాదాపూర్‌లోనా?" అన్నారు జయలక్ష్మి గారు.

"కనకం! ఇక్కడ గూడ పేరు పెట్టే పిలుస్తున్నరు. లింగమూర్తి అనరాక లింగా అంటున్నరు. నాకంటె పెద్దాయన ఉన్నడు, తనను గూడ పేరు పెట్టే పిలవమంటున్నడు."

"పలుకుతున్రా మరి?"

దూరం నుంచి వచ్చే గరగర శబ్దంలో ఒక నవ్వు వినబడింది.

"పలుకుతున్న."