తొందరపడ్డ గడియారాలు

గడియారాల మేస్త్రీకి తన నాడి మీద ఉన్నంత నమ్మకం ఏ కంపెనీ మీదా లేదు. బాగుచేసిన గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని మణికట్టు పట్టుకునేవాడు. దాని నిమిషానికి నాడి ఎనభై నాలుగు సార్లు కొట్టుకుంటేనే ఆ గడియారం కొట్టు గడప దాటేది. ఇరవై ఏళ్లుగా అదే లెక్క.

ఆరు నెలల కిందట లిఫ్టు చెడిపోయింది. కొట్టేమో నాలుగో అంతస్తులో. మొదట్లో రెండో అంతస్తుకే రొప్పుతూ కూలబడి, లిఫ్టువాళ్లను నోరారా తిట్టేవాడు. ఆ దడలో లెక్క తప్పుతుందని పరీక్షల పని బావమరిదికి వదిలేశాడు. ఈమధ్య ఈల వేసుకుంటూ ఎక్కుతున్న సంగతి తానే గమనించలేదు.

ఇవాళ బావమరిదికి చేతినిండా పని ఉండటంతో మేస్త్రీయే నాడి పట్టాడు. డెబ్బై రెండే! "ఇది పరుగెడుతోంది" అని గడియారం విప్పేశాడు. ఇంకోటి చూస్తే అదీ డెబ్బై రెండే. మధ్యాహ్నానికి పదకొండు గడియారాలు బల్లమీద పేగులు బయటపెట్టుకుని పడున్నాయి.

బావమరిది ఉండబట్టలేకపోయాడు. "అన్నీ కూడబలుక్కుని పరుగెడతాయా బావా? మెట్లెక్కీ ఎక్కీ నీ గుండె గట్టిపడింది. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తోంది, అందుకే తీరిగ్గా కొట్టుకుంటోంది. నీ గురక కూడా తగ్గిందని అక్క మురిసిపోతోంది!"

మేస్త్రీ మళ్లీ నాడి పట్టుకున్నాడు. మొహం చాటంత అయింది.

అంతలో కిందనుంచి కేక వినిపించింది. "లిఫ్టు బాగైపోయిందండోయ్!"

మేస్త్రీ కిటికీలోంచి తల బయటపెట్టి గయ్యిమన్నాడు.

"మిమ్మల్నెవరు తొందరపడమన్నారయ్యా!"