హానా గ్యారడ్ రాసిన అంకెలు

దుబాయ్‌లో పాత రాతలు చదివిపెట్టే వ్యాపారం మొదలుపెట్టిననాడు శాంతిప్రియ చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: భర్త శ్యాంప్రసాద్ ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఒకటి, వంటగట్టు మీద పొయ్యికీ సింకుకీ మధ్య మూరెడు జాగా, కూతురు అక్షయ స్కూలు బస్సెక్కాక కూర ఉడికేలోపు దొరికే పొద్దు, ఎంత అడ్డదిడ్డం రాతనైనా చదవగల కళ్ళు. ఆ కళ్ళు అనకాపల్లిలో నాన్న బెల్లం మండీలో తయారయ్యాయి. గుమస్తాలు కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసిపారేసిన పద్దుల్ని చిన్నప్పుడు ఆమే నాన్నకి చదివిపెట్టేది. అక్కడే ఇంకో పాఠం కూడా నేర్చుకుంది. మునిగిన బేరం ఊసు మళ్ళీ ఎత్తకూడదు, ఎత్తితే ఉన్న బేరాలు చెడతాయి అనేవాడు నాన్న.

ఆ మాటని ఆమె ఒకచోట అక్షరాలా పాటించింది. కరోనా మొదటి ఏడాది రెండో కాన్పు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి, పరీక్ష చేస్తే ఆమెకి కరోనా. ఆడపిల్ల పుట్టిందని నర్సు చెప్పింది, మర్నాటికి పోయిందని ఇంకో నర్సు చెప్పింది. బిడ్డ మొహం ఆమె చూడలేదు. ఇంటికొచ్చాక శ్యాంప్రసాద్ "అన్నీ సవ్యంగా జరిగాయి, ఇంక ఆ మాట అనుకోవద్దు" అన్నాడు. పాతిపెట్టింది ఎక్కడని నోటిదాకా వచ్చింది. ఆ ఫ్లాట్‌లో ఆ మాట అక్కడే ఆగిపోయింది. అత్తగారు సుబ్బాయమ్మ కాకినాడ నుంచి ఫోన్లో, పేరు పెట్టని బిడ్డకి ఏడవకూడదమ్మా, అది తిరుగుతుంది అంది. అప్పట్నుంచి ఎవరడిగినా ఆ ఇంట్లో ఒక్కతే పిల్ల.

మిస్ గ్యారడ్ అక్షయ స్కూల్లో ఇంగ్లిష్ టీచరు. దుబాయ్ వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది, పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఉద్యోగం అయిపోతే వీసా ఖలాస్, దేశం వదలాలి. ఇంగ్లండ్‌లో ఎవరూ లేరు. ఏ ఊరికి వెళ్ళాలో తేల్చుకోవడానికి తన వాళ్ళెక్కడివాళ్ళో వెతికించుకోవాలనుకుంది. తాతల నాటి ఉత్తరాలు చదివే మనిషి కావాలని పేరెంట్స్ మీటింగులో అంటే, శాంతిప్రియ అక్కడే రేటు మాట్లాడేసుకుంది. సగం అడ్వాన్సు చేతిలో పడేదాకా ఉత్తరాల కట్ట విప్పలేదు.

గ్యారడ్లు కూలీలు. సఫోక్ అనే జిల్లాలో ఒకరి పొలం దున్ని, ఇంకొకరి పశువులు కాసి బతికినవాళ్ళు. ఏడాది ఒప్పందం తీరితే సామాను బండికెత్తుకుని కొత్త ఆసామి ఊరికి పోవడమే. సెంటు భూమి లేదు. వీసా ఇచ్చిన కఫీల్ మారితే మనం కూలీల క్యాంపు మారమా, అట్లాగే ఉంది వీళ్ళ బతుకు అనుకుంది. మగవాళ్ళని పట్టుకోవడం సులువే, పనీ పేరూ రెండూ ఉంటాయి. ఆడవాళ్ళు చేలల్లో రాళ్ళేరారు, కోతలకెళ్ళారు, బట్టలుతికారు. జనాభా లెక్కల్లో మాత్రం వాళ్ళ పని రాయాల్సిన గడి ఖాళీ. శాంతిప్రియ వీసాలోనూ ఆ గడిలో గృహిణి అనే ఉంది. ఆ వీసా మీదే రెండేళ్ళు పచ్చళ్ళమ్మి, శ్యాంప్రసాద్‌కి సగం జీతం వచ్చిన రోజుల్లో ఫ్లాటు అద్దె కట్టింది.

"రాజుల వంశమైతే సరే. కూలోళ్ళ ముత్తాతల్ని తవ్వి ఏం చేసుకుంటారే వీళ్ళు?" అనేవాడు శ్యాంప్రసాద్, చారు కలుపుకుంటూ. వీడియో కాల్‌లో సుబ్బాయమ్మ అందుకునేది. "పరాయివాళ్ళ తద్దినం డబ్బిచ్చి కొనితెచ్చుకుంటారు గానీ, డబ్బు పుచ్చుకుని నెత్తికెత్తుకున్నదాన్ని నిన్నే చూశానమ్మా." డబ్బు పుచ్చుకున్నా కదత్తయ్యా, మరింకేం అని శాంతిప్రియ నవ్వేసి గిన్నెలు తీసేది. ఆ డబ్బుతోనే అత్తగారి కంటి ఆపరేషనైంది. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

పని మొదలుపెట్టి నాలుగు నెలలయ్యాక ఆమె ఆ వంశంలోని హానా గ్యారడ్ అనే తల్లి దగ్గర ఆగింది. 1911 జనాభా లెక్కల కాగితం. ఆ ఏడు ప్రభుత్వం పెళ్ళయిన ఆడవాళ్ళని కొత్తగా ఒకటడిగింది: ఎంతమందిని కన్నావు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు. భర్త బతికున్నవాళ్ళనే అడిగింది. విధవల్ని అడగలేదు. హానా విధవ, డెబ్బై ఏళ్ళ ముసలిది. అయినా వంకర చేత్తో రాసింది. పదకొండు, ఏడు, నాలుగు. నిన్నెవరడిగారన్నట్టు లెక్కలవాడు ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు. గీత కింద అంకెలు ఇంకా కనబడుతున్నాయి.

పొయ్యి మీద పప్పు మాడింది. ఆమెకి తెలియలేదు.

ఆ నలుగుర్నీ వెతికింది. అలసిపోయిన పాదిరి గబగబా రాసుకుంటూపోయిన చర్చి పుస్తకాల్లో ఒక్కొక్కర్నీ పట్టింది. ఎల్లెన్, జేమ్స్, ఇంకో ఎల్లెన్, పుట్టిన రోజే పోయిన సూసన్. నలుగురూ ఒకే చర్చి ఆవరణలో, ఉత్తరం గోడ వారన ఉన్నారు. మిస్ గ్యారడ్ ఆ కాగితాలు ఒక్కొక్కటీ చదివి, మళ్ళీ వరస పెట్టింది. తర్వాత, ఆ ఊరే వెళ్తాను, అక్కడ నావాళ్ళు ఉన్నారు అంది. మిగతా డబ్బు ఇస్తూ మామూలుగా అడిగింది.

"నీకు అక్షయ ఒక్కతే కదూ?"

"అవును, ఒక్కతే" అంది శాంతిప్రియ.

అల్ వర్సాన్‌లో తన ఫ్లాటుకి తిరిగొచ్చే బస్సులో కూర్చున్నాక ఆ జవాబు ఆమెకి వినబడింది. ఎవరూ బలవంతపెట్టలేదు. శ్యాంప్రసాద్ పక్కన లేడు, అత్తగారు ఫోన్లో లేదు. ఎర్ర గీత తన చేత్తో తనే కొట్టింది. సముద్రాల అవతల నూట యాభై ఏళ్ళ కిందట పోయిన కూలీవాళ్ళ బిడ్డ ఏ గోడ పక్కన ఉందో చెప్పగలదు. తన బిడ్డ ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉంది, ఏ వైపో కూడా తెలియదు. మునిగిన బేరమనుకుంది ఇన్నాళ్ళూ. బిడ్డని బేరం పద్దులో ఎప్పుడు వేసిందో ఆమెకే గుర్తులేదు.

శనివారం రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

"ఏవండీ, పాపని ఎక్కడ పెట్టారు?"

ఏ పాప అని అతను అడగలేదు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఇప్పుడెందుకు శాంతీ అవన్నీ?"

"అప్పుడడగలేదు కాబట్టి."

కంచం పక్కకి జరిపి చెప్పాడు. పాప పోయిన రోజు కరోనా అని బిల్డింగు మూసేశారు. తనూ అక్షయా లోపల. గేటు దాటనివ్వలేదు. కంపెనీ క్యాంపు చూసే అమీర్ జాన్‌కి బయట తిరిగే పాస్ ఉందని అతన్ని పంపించాడు.

"నేను వెళ్ళలేదు. అన్నీ సవ్యంగా జరిగాయని అతనే చెప్పాడు. నీకు అదే చెప్పాను. ఎక్కడో నాకూ తెలీదు."

"తర్వాత తెలుసుకోవచ్చు కదండీ."

"నువ్వడిగితే తెలుసుకుందును."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. తనడగలేదని అతనూ, అతను బాధపడతాడని తనూ, ఇద్దరూ ఆ మాట ఎత్తకుండానే ఇన్నేళ్ళు కలిసి తిన్నారు. అతని మౌనాన్ని మోసిన పని కూడా తన వంటపనిలోనే కలిసిపోయింది. లేచి ఫోను తీసింది.

అమీర్ జాన్‌ది నిజామాబాద్. "యాదుంది భాభీ, ఎట్ల మరుస్త? నా చేతులతోనే మట్టిల పెట్టిన" అన్నాడు. ఆమె ఎప్పుడు రావచ్చని అడిగితే, రేప్పొద్దునే రమ్మన్నాడు. శ్యాంప్రసాద్ కారు తాళాలు చేతిలో తిప్పుతూ తలుపు దగ్గర నిలబడి, నా వల్ల కాదు, నువ్వెళ్ళిరా అన్నాడు. ఆమె అమీర్ జాన్ పికప్‌లోనే వెళ్ళింది.

జబల్ అలీ దాటాక ఇసుకలో పొడుగాటి శ్మశానం గోడ. లోపల చిన్నపిల్లలది వేరే వరస. జానెడేసి సిమెంటు పలకలు, కొన్నిటి మీద ప్లాస్టిక్ బొమ్మలు ఎండకి వెలిసిపోయి ఉన్నాయి. అమీర్ జాన్ ఒకచోట ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గేటు కాడ పేరేందని అడిగిన్రు భాభీ. ఇంక పెట్టలేదన్న. తండ్రి పేరుకు కాయితం చూపమన్నరు, నా కాడ లేకుండె. బిడ్డ కాలికి దవాఖానోళ్ళు కట్టిన పట్టీ మీద మీ పేరే ఉండె. ఉన్నదే రాయమన్న. తప్పయితే మాఫ్ చెయ్యున్రి."

పలక మీద ఇంగ్లిష్ అక్షరాల్లో 'శాంతిప్రియ బిడ్డ' అని ఉంది, కింద ఏడాది. తరాల తరబడి గ్యారడ్లని తిరగేసింది, పెళ్ళయిన ఏ తల్లి పేరు మీదా బిడ్డని ఆమె చూడలేదు. తన జీవితంలో కూడా అద్దె కాగితం, వీసా, బ్యాంకు, అక్షయ స్కూలు ఫారం, దేంట్లోనూ తను మొదటి పేరు కాదు. ఇక్కడ అయింది. దానికి సంతోషించాలో వద్దో ఆమెకి తెలియలేదు. ఇసుక మీద కూర్చుంది. పలక వేడిగా ఉంది. చెయ్యి తియ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి శ్యాంప్రసాద్ టీ పెట్టి ఉంచాడు. ఏమీ అడగలేదు. రాత్రి మాటలు విన్న అక్షయ మాత్రం చెల్లి ఎక్కడుందమ్మా అంది. ఈసారి నిన్నూ తీసుకెళ్తానంది శాంతిప్రియ.

ఈ వ్యాపారంలో మిగిలిందేమిటని చూసుకుంటే, డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. అడక్కుండా పోగొట్టుకున్న ఏళ్ళు ఏ రేటుకీ తిరిగి రావు, అవి నష్టం కిందే. లాభం కింద రాసుకోదగ్గది, వెళ్ళి కూర్చోవడానికి ఒక చోటు. ఆ చోటుకి దారి ఆ ఇంట్లో ఇప్పుడు ఆమెకే తెలుసు. శ్యాంప్రసాద్ అడిగితే తీసుకెళ్తుంది. అతని బదులు ఆ ప్రశ్న కూడా తనే అడిగిపెట్టే పని మాత్రం ఇంక చెయ్యదు.