పోటీ రోజే మొరాయించే పిస్టల్

కరోలిన్ పిస్టల్‌కి ఒక దుర్గుణం ఉంది. ప్రాక్టీసు రోజున బుద్ధిమంతురాలిలా పేలుతుంది, పోటీ రోజున టిక్కుమని ఊరుకుంటుంది. అది ఎవరినో బెదిరించడానికి కొన్న ఆయుధమేమీ కాదు. కాగితం మీద గీసిన నల్లటి గుండ్రాలను కొట్టే ఆటకోసం, యూనివర్సిటీ షూటింగ్ క్లబ్బులో చేరి, లైసెన్సు తెచ్చుకుని, రెండేళ్ళు కాఫీ షాపులో కప్పులు కడిగి కొనుక్కున్న చిన్న పిస్టల్.

కొన్నది వేసవిలో. ఆ వేసవంతా దానికి వంక పెట్టడానికి లేదు. మే నెల దాటి సిడ్నీలో చలి మొదలయ్యాక దానికి దయ్యం పట్టింది. పొద్దున్నే పోటీకి వెళ్తుంది, వరసలో నిలబడుతుంది, ఊపిరి బిగబట్టి మీట నొక్కుతుంది. టిక్. అంతే. అలా జరిగితే పిస్టల్‌ని కదల్చకుండా, గురివైపే పెట్టి, రెండో చెయ్యి పైకెత్తి నిలబడాలి. కాల్పుల మైదానం చూసుకునే రేంజి ఆఫీసరు నింపాదిగా వచ్చి చూసేదాకా పక్కవాళ్ళందరూ ఠపఠపా కాల్చుకుంటూ ఉంటే, తానొక్కతే స్కూల్లో తప్పు చేసిన పిల్లలా చెయ్యెత్తుకుని నిలబడాలి. ఆ అవమానం పగవాళ్ళకి కూడా వద్దు.

యూనివర్సిటీ జట్టుకి ఎంపిక పోటీలు మూడు. రెండు అలాగే మట్టికొట్టుకుపోయాయి. మూడోది వచ్చే శనివారం పొద్దున. అదీ పోతే ఈ ఏడాది జట్టులో చోటు లేనట్టే. వచ్చే ఏడాది ఫిజియోథెరపీ కోర్సులో ఆసుపత్రి డ్యూటీలు మొదలవుతాయి కాబట్టి, ఇక ఎప్పటికీ లేనట్టే.

తయారుచేసిన కంపెనీ ఐరోపాలో ఎక్కడో ఉంది. కరోలిన్ వాళ్ళకి మెయిల్ రాసింది. మీ ఓపికకు కృతజ్ఞతలు అని జవాబొచ్చింది. ఇంకా ఓపిక పట్టనే లేదు, అప్పుడే కృతజ్ఞతలు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ తూటాలు వాడుతున్నారు? వాడాక శుభ్రం చేస్తున్నారా? ఏ నూనె వేస్తున్నారు? పెట్టెలో మీరిచ్చిన సీసాలోని నూనే, మీ పుస్తకంలో చెప్పిన చోటే, చెప్పినంతే వేస్తున్నానని రాసింది. వారం తిరిగేసరికి ఇంకో మనిషి ఇంకో పేరుతో అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాడు. వీడియో తీసి పంపమన్నారు. ప్రాక్టీసుకి వెళ్ళిన సాయంత్రం స్నేహితురాలి చేత తీయించింది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయిన పిల్లాడిలా, పిస్టల్ ఒక్క తూటా వదలకుండా పేలింది. ఆ వీడియో చూస్తే ఎవడికైనా ఇంకోటి కొనాలనిపిస్తుంది.

పిస్టల్ అమ్మిన దుకాణానికి పంపమన్నారు. హీటరు వెచ్చగా నడుస్తున్న ఆ దుకాణం వెనక గదిలో మెకానిక్ దాన్ని విప్పి, బిగించి, రెండు డబ్బాల తూటాలు కాల్చి, లోపమేమీ లేదని తేల్చాడు. ఆ కబురు అందుకున్న కంపెనీ చాలా మర్యాదగా ఒక మాట రాసింది. మణికట్టు బిగువుగా ఉంచని షూటర్ల చేతుల్లో, ముఖ్యంగా ఒత్తిడి సమయాల్లో, ఇలాంటి ఇబ్బందులు కలగడం సహజమట.

అంటే లోపం పిస్టల్‌లో లేదు, పిల్లలో ఉంది.

కోచ్ గ్లెన్ మంచివాడే. ఆ మెయిల్ చదివి భుజం తట్టి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పోటీ భయం గొప్పవాళ్ళకీ ఉంటుంది, యూనివర్సిటీ కౌన్సెలర్‌ని ఒకసారి కలువు అన్నాడు. కరోలిన్‌కి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అప్పటిదాకా తన చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఆ రోజు నుంచి కాఫీ కప్పు పట్టుకున్నా వణుకుతోందేమోనని చూసుకోవడం మొదలుపెట్టింది. నలుగురూ కలిసి మేకని కుక్క అంటే, మోసేవాడికి కూడా కుక్కలాగే కనబడుతుంది మరి.

అయినా కోపం చావలేదు. గురువారం లైబ్రరీలో కూర్చుని కంపెనీకి ఆఖరి మెయిల్ రాసింది. నా మణికట్టు సంగతి తర్వాత, ముందు మీలో ఒక్క మనిషైనా నాతో నోరు విప్పి మాట్లాడతారా అని అడిగి, ఫోన్ నంబరు పెట్టింది.

సాయంత్రం స్కోఫీల్డ్స్ వెళ్ళే రైల్లో ఉండగా ఫోన్ మోగింది. కస్టమర్ సర్వీసు నుంచి ఇంగ్రిడ్ అట. మీ పిస్టల్ గురించి చెప్పండి అంది. కిటకిటలాడే రైల్లో ‘నా పిస్టల్ పేలడం లేదు’ అని చెబితే తర్వాతి స్టేషన్లో పోలీసులే స్వాగతం చెబుతారు. కరోలిన్ ‘ఒక్క నిమిషం’ అని బ్లాక్‌టౌన్‌లో దిగిపోయి, ప్లాట్‌ఫారం చివర మనుషులు లేని చోట నిలబడింది. చలికి ముక్కు కారిపోతోంది.

ఇంగ్రిడ్ పాత ప్రశ్నలేవీ అడగలేదు. పోటీ రోజు పొద్దున బీరువా తాళం తీసినప్పటి నుంచి మొదటి తూటా దాకా నువ్వు చేసేవన్నీ వరసగా చెప్పు, అనవసరం అనిపించినవి కూడా చెప్పు అంది. కరోలిన్ చెప్పింది. గోడకి బిగించిన బీరువాలోంచి తీస్తాను. లోపల తూటా లేదని తెలిసేలా పైన బోల్టు వెనక్కి లాగి తెరిచి పెడతాను. మమ్మీ ప్రార్థన చేస్తుంది. పెట్టెలో పెట్టి కారెక్కుతాను.

“ప్రాక్టీసు రోజుల్లోనూ అమ్మ ప్రార్థన చేస్తుందా?”

లేదంది కరోలిన్. ప్రాక్టీసు ఉండే సాయంత్రాలు మమ్మీ డ్యూటీలో ఉంటుంది. ఆమె ఒక వృద్ధుల ఆశ్రమంలో నర్సు. మమ్మీకి ఈ ఆటంటేనే భయం, ఇంట్లో తుపాకి ఉంటే నిద్రపట్టదని మొదట్లో గొడవచేసింది. తానింట్లో ఉండగా ప్రార్థన చేయనిదే అది గడప దాటకూడదన్న షరతు మీద ఒప్పుకుంది.

“ప్రార్థనలో సరిగ్గా ఏం చేస్తారు?”

“నేను పట్టుకుంటాను. మమ్మీ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంది. తర్వాత దానిమీద కొంచెం నూనె...”

అక్కడ కరోలిన్ నోరు ఆగిపోయింది.

ఏ నూనె వేస్తున్నారని కంపెనీవాళ్ళు ఎన్నిసార్లు అడిగారో అన్నిసార్లూ ఆమె నిజమే చెప్పింది. ప్రార్థన నూనె నూనె కిందకి వస్తుందని ఆమెకి ఎన్నడూ తోచలేదు. కొత్త కారుకి పెట్టారు, కొత్త ఇంటి గుమ్మానికి పెట్టారు, పరీక్షలకి వెళ్తుంటే తన నుదుటికి పెట్టారు. అది ప్రార్థనలో భాగం. ఆమెన్ ఎలాగో అదీ అలాగే. ఆమెన్‌ని ఎవరైనా మెయిల్లో రాస్తారా?

“అది ఏ నూనె?” అంది ఇంగ్రిడ్.

రాజోలు నుంచి అమ్మమ్మ పంపిన కొబ్బరినూనె. అక్కడి పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చింది. కరోలిన్ తల్లి రూత్ ఆ పిస్టల్‌ని వేలితో కూడా తాకదు, కాబట్టి వేలికి రాసుకుని పెట్టడం కుదరదు. పైనుంచి సీసా వంచుతుంది. కూరలో అయినా ప్రార్థనలో అయినా ఆవిడ చేతికి పిసినారితనం తెలియదు. జాగ్రత్త కోసం కరోలిన్ తెరిచి పట్టుకున్న బోల్టులోకే ఆ నూనె తిన్నగా దిగుతుంది. ఇక చలికాలంలో కొబ్బరినూనె ఏమవుతుందో కోనసీమ పిల్లకి ఐరోపావాళ్ళు చెప్పాలా? ఈ జూన్ అంతా రూత్ ఆ సీసాని వేడినీళ్ళ మగ్గులో నిలబెట్టి కరిగిస్తూనే ఉంది. వెచ్చని ఇంట్లో నీళ్ళలా జారి, మంచు పట్టిన రేంజికి చేరేసరికి తూటాని కొట్టే లోపలి సూది చుట్టూ వెన్నలా పేరుకునేది. పోటీ అయ్యాక కరోలిన్ మసితో పాటు దాన్నీ తుడిచేసేది. అందుకే ప్రాక్టీసుకీ, దుకాణానికీ అది కడిగిన ముత్యంలా వెళ్ళేది.

ఇదంతా చెబుతుంటే కరోలిన్‌కి నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చింది. ఇంగ్రిడ్ నవ్వలేదు. బోల్టు విప్పి ఎలా కడగాలో చెప్పి, చివర్లో ఇలా అంది.

“నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఆ మాట మేము రాసి ఉండకూడదు. క్షమించు.”

గుండెల మీంచి బండ దింపినట్టయింది కరోలిన్‌కి. తర్వాతి రైలు వచ్చి వెళ్ళిపోయినా అక్కడే నిలబడి, కుడి చెయ్యి చాచి చూసుకుంది. వణకడం లేదు.

కానీ ఇంటికి దారి తీస్తుంటే ఇంకో బెంగ పట్టుకుంది. ఈ మాట మమ్మీకి ఎలా చెప్పడం? అసలే ఇష్టంలేని ఆట. చూశావా, దేవుడికే ఇష్టం లేదు అంటే, శనివారం ఆ పిస్టల్ బీరువాలోనే ఉండిపోతుంది.

రూత్ వంటింట్లో చేపల పులుసు కలుపుతోంది. కరోలిన్ నాన్చకుండా మొత్తం చెప్పేసింది. మణికట్టు మాటా, కౌన్సెలర్ మాటా, అప్పటిదాకా ఇంట్లో దాచినవన్నీ చెప్పింది. రూత్ పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇన్నాళ్ళూ నీకు భయమన్నారా? నాకొక్క మాట చెప్పొద్దా?”

“చెప్తే మానెయ్యమంటావని. ప్రేయర్ ఓకే మమ్మీ, ఆయిలే ప్రాబ్లం.”

“ఆయిలు కాదమ్మా.” రూత్ కొంగుతో చేతులు తుడుచుకుంది. “నేనేవని ప్రార్థన చేసేదాన్నో ఎప్పుడన్నా విన్నావా నువ్వు?”

వినలేదు. ఆ సమయంలో కరోలిన్ మనసు ఎప్పుడో రేంజికి వెళ్ళిపోయి ఉండేది. ఆమెన్ దగ్గర మాత్రం తిరిగొచ్చేది.

“ప్రభువా, ఇది పేలకుండా చూడు తండ్రీ అనేదాన్ని. పేలకుండా ఇంటికొచ్చేస్తే చాలనేదాన్ని.”

 కరోలిన్‌కి ముందు కోపం వచ్చింది. తల్లి మొహం చూస్తే ఆ కోపం నిలవలేదు. రూత్ తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా ఉంది. ఇద్దరిలో ముందు ఎవరు నవ్వారో గానీ, పులుసు చల్లారిపోయేదాకా నవ్వు ఆగలేదు.

శనివారం పొద్దున కరోలిన్ కడిగి పెట్టుకున్న పిస్టల్‌ని బోల్టు తెరిచి పట్టుకుంది. నూనె సీసా జోలికి ఎవరూ వెళ్ళలేదు. రూత్ కళ్ళు మూసుకుంది.  పాతికేళ్ళ నుంచి నోటికొచ్చిన ప్రార్థనలన్నీ కాపాడమని అడిగేవే, ఇలాంటిది అడగడం ఆవిడకి అలవాటు లేదు. ఈసారి కరోలిన్ ప్రతి మాటా వింది.

“ప్రభువా, ఇయ్యాల ఇది పేలాలి. ఆపకుండా పేలాలి. ఆ కాగితానికి తప్ప ఇంకెక్కడా తగలకూడదు. ఆమెన్.”

రేంజిలో గడ్డి మీద మంచు తెల్లగా పట్టి ఉంది. మొదటి తూటాకి మీట నొక్కుతూ కరోలిన్ కళ్ళు మూయబోయి, తమాయించుకుంది. ఠాప్ మంది. ఆ చప్పుడు చెవులకి ఎంత హాయిగా ఉందంటే, రెండోది కాల్చాలన్న సంగతే ఒక క్షణం మరచిపోయింది. తర్వాత ఏదీ తప్పలేదు. ఒక్కసారి కూడా చెయ్యెత్తే పని పడలేదు. జట్టు పేర్లు చదివాక గ్లెన్ వచ్చి, నీ మణికట్టుకి నేను క్షమాపణ చెప్పుకోవాలి అన్నాడు.

పార్కింగ్ లోంచి తల్లికి ఫోన్ చేసింది. రూత్ డ్యూటీలో ఉంది. వెనక నుంచి ముసలివాళ్ళ టీ కప్పుల చప్పుడు వినిపిస్తోంది. గెలిచావా అని అడగలేదు, జట్టులో చోటు దొరికిందా అనీ అడగలేదు.

“పేలిందా?”

“అన్నీ పేలాయి మమ్మీ.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. స్తోత్రం, స్తోత్రం అంది రూత్. తర్వాత ఆవిడ ఫోన్ పక్కకి పెట్టడం మరచిపోయి, అక్కడ టీ తాగుతున్న ముసలివాళ్ళందరికీ ఇంగ్లీషులో గట్టిగా, సంతోషంగా, తన కూతురి తుపాకి పేలిందని చెప్పడం మొదలుపెట్టింది.