మేబెల్ ఆంటీ ఇంటి డిష్

మేబెల్ ఆంటీ మిద్దె మీద ఆషర్ టీవీ డిష్‌ను వెంట్రుకవాసి కుడికి తిప్పి సిగ్నల్ మీటరు చూశాడు. కూత రాలేదు. నట్టు వదులు చేసి మళ్లీ తిప్పాడు. దక్షిణాన పక్కింటి మీద కొత్తగా లేచిన అంతస్తులు ఆకాశాన్ని కమ్మేశాయి. ఉపగ్రహం ఎక్కడికీ పోలేదు. భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే దిక్కున నిలిచి ఉండేది అది. మధ్యలో గోడే లేచింది.

అల్వాల్‌లో చాలా మిద్దెలు అతను ఎక్కినవే. జుట్టు ఆ ఎండల్లోనే నెరిసింది, మోకాళ్లు ఆ మెట్ల మీదే అరిగాయి. ఒకప్పుడు బొమ్మ రాగానే చేతిలో మిఠాయి పెట్టేవారు. ఇప్పుడు ఇంటింటికీ ఇంటర్నెట్ వైరు వచ్చింది. పిలిస్తే డిష్ విప్పడానికే పిలుస్తారు. నెలాఖరు తర్వాత ఇక రానక్కర్లేదని కంపెనీవాళ్లు ఫోన్లోనే చెప్పేశారు. బిగించమని పిలిచింది మేబెల్ ఒక్కతే.

ఆమె మెట్ల కింద నిలబడి ఉంది. లోపల భర్త డేవిడ్ రాజు మూలుగుతున్నాడు. చూపు పోయిన ఆయనకు పొద్దంతా టీవీ మాటలు వినబడాలి. లేకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని మంచం దిగబోతాడు. నిన్న పడ్డాడు.

“అయితదా, ఆషర్?”

“ఈడ కాదాంటీ. పక్క బిల్డింగ్ మీద పెట్టాలె.”

ఆషర్ దిగివచ్చి అడిగితే, పక్క గేటు దగ్గర ఆ బిల్డింగ్ సూపర్‌వైజర్ కిషన్ తల అడ్డంగా ఊపాడు. “ఓనర్ ఒప్పుకోడన్నా. మొన్ననే రంగులేసినం.”

“గోడకు తూట్లు కొట్ట. ఇటుకలు పెట్టి నిలబెడ్త. పెద్దాయన ఆగమైతుండు, జెర సూడు.”

ఆషర్ రెండు చేతులూ జోడించాడు. కిషన్ కాసేపు అటూ ఇటూ చూసి గేటు తీశాడు.

లిఫ్టు ఇంకా పెట్టలేదు. విప్పిన డిష్ భుజాన వేసుకుని పైదాకా ఎక్కాడు. కేబుల్‌ను మేబెల్ మిద్దె మీదికి జారవిడిచి, దిగివచ్చి పాత వైరుకు కలిపి, మోకాళ్లు పట్టుకుంటూ మళ్లీ ఎక్కాడు. కొద్దిగా తిప్పగానే మీటరు కూసింది. కింది నుంచి ఎవరో వార్తలు చదువుతున్న గొంతు వినిపించింది.

“వచ్చిందా, ఆంటీ?”

ఆషర్ పనిముట్లు సర్దుకుని దిగాడు.

అతను లోపలికి వెళ్లేసరికి టీవీ మాట్లాడుతూనే ఉంది. డేవిడ్ రాజు ముఖం దాని వైపు తిరిగి ఉంది. మేబెల్ ఆయన అరచేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

“మాటలు షురూ కాంగనే ఇటు తిరిగిండు,” అంది. “గంతే. ఇగ లేడు.”

ఆషర్ టీవీ కట్టేయడానికి చెయ్యి చాచాడు.

“ఉండనియ్యి, బిడ్డా. సప్పుడు లేకుంటే నాకు భయమైతది.”

అతను గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు. స్టూలు మీద సాసరులో, ఆమె ఆయన నోటికి అందించబోయిన ఉస్మానియా బిస్కెట్టు ముక్క చాయ్‌లో నాని మెల్లగా విడిపోతోంది.