చీకట్లో వెలిగే చుక్కలు

ఆ శనివారం తుపాకీ షాపుకి బయల్దేరే ముందు కూడా చేపల పులుసు వండి, వంటిల్లు తుడిచి, మా ఆయన మోజెస్ చొక్కా ఇస్త్రీ చేశాను. నా తుపాకీ పని మీద వెళ్తుంటే ఆయన చొక్కా ఎందుకు నలగకూడదో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియకుండానే ఇస్త్రీ చేశాను. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఇంటికి వచ్చినదాన్ని, కళ్ళు మండుతున్నాయి. "కార్‌లో కాసేపు పడుకుందువులే జోసీ," అన్నారు ఆయన. కారు నడిపింది నేనే.

మేం అమెరికాలో, డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటాం. నేను డాలస్‌లో ఒక హాస్పిటల్లో నర్సుని. చాలా ఏళ్ళుగా నాది నైట్ షిఫ్టే. మొదట కొన్నాళ్ళకే అనుకున్నాం. తర్వాత అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. "జోసఫిన్ రాత్రిళ్ళు చేస్తే పగలు ఇంట్లో ఆడమనిషి ఉన్నట్టూ ఉంటుంది, ఉద్యోగం చేసినట్టూ ఉంటుంది," అని ఆవిడ ఎంత తేలిగ్గా అన్నారో అంత తేలిగ్గా అదే మా ఇంటి పద్ధతి అయిపోయింది. నేనెప్పుడు పడుకుంటానన్నది ఆ మాటలో లేదు. పడుకుంటాను, కుక్కర్ కూతకీ కూతకీ మధ్య. అత్తయ్య చెడ్డమనిషి కాదు. తన కాపురమంతా ఆవిడా అలాగే పడుకున్నారు. అందుకే దాన్ని నిద్ర అనరని ఆవిడకి తోచదు. నా సీనియారిటీకి ఎప్పుడడిగినా డే షిఫ్ట్ ఇస్తానని మా మేనేజర్ చెప్పింది. ఆ మాట ఇంట్లో ఎత్తితే మోజెస్, "మరి పొద్దున్నే అమ్మని ఎవరు చూస్తారు?" అన్నారు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు.

పోయిన చలికాలం మా హాస్పిటల్ పార్కింగ్ గరాజ్‌లో ఒకడు స్తంభం చాటు నుంచి వచ్చి ఒక నర్సు మీద పడ్డాడు. ఆ పిల్ల బతికింది, ఉద్యోగం మానేసింది. అప్పటినుంచి హాస్పిటల్ తలుపు దాటి కారు దాకా నడుస్తుంటే ప్రతి స్తంభం దగ్గరా నాకు భయం. ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. "డే షిఫ్ట్‌కి మారే దారి దొరికేలా ప్రార్థించండి," అన్నాను. నేను కూర్చోకముందే మోజెస్ లేచారు. "అంటే, ఆమె భద్రత కోసమండీ." పాస్టర్‌గారు భద్రత కోసమే ప్రార్థించారు. ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేట్లు పట్టుకుని మగవాళ్ళంతా ఒకచోట చేరారు. సామ్యూల్‌గారు ఏ తుపాకీ మంచిదో చెప్పారు, మోజెస్ నాకు అదే కొన్నారు. నా మనవికి జవాబు వచ్చేసింది. కొన్నాళ్ళకి మోజెస్ చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పారు, భార్య రక్షణ కోసం ఏం చెయ్యాలో దేవుడు తనకి జ్ఞానమిచ్చాడని. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

తుపాకీ లైసెన్స్ క్లాసుకి ఇద్దరం వెళ్ళాం. నా గురి బాగుంది. పైకి కనిపించని నరాలు వెతికి సూది గుచ్చే చెయ్యి, వణకదు. "బిగినర్స్ లక్," అన్నారు ఆయన, చిల్లులు అటూ ఇటూ పడ్డ తన గురి కాగితం మడుస్తూ. కానీ మసక వెలుతుర్లో తుపాకీ మీది తెల్ల చుక్కలు నాకు ఆనలేదు. అందుకే నైట్ సైట్స్ వేయించడానికి ఆ శనివారం షాపుకి వచ్చాం. గురి చూడటానికి తుపాకీ పైన ముందు ఒక చుక్క, వెనక రెండు ఉంటాయి. నైట్ సైట్స్ అయితే ఆ చుక్కల్లో ఏదో వాయువు నింపుతారు, చీకట్లో వాటంతటవే వెలుగుతాయి.

షాపతను మోజెస్‌నే అడిగాడు, ఆవిడకి ఏవి కావాలని.

"మూడూ గ్రీన్," అన్నారు మోజెస్. "సామ్యూల్‌వి అవే. నీట్‌గా ఉంటాయి."

నేను వేరే రకం కూడా చూస్తానన్నాను. వెనక గదిలో లైటు ఆర్పించి ఒక్కొక్కటే ఎత్తి చూశాను. మూడూ ఒకే ఆకుపచ్చ అయ్యేసరికి నా నడివయసు కళ్ళకి ముందుదేదో వెనకదేదో తెలియలేదు. రెండోదాంట్లో ముందు చుక్క పెద్దది, దాని చుట్టూ నారింజ రంగు వలయం. వెనకవి మసగ్గా ఉండి అడ్డు రావడం లేదు. చెయ్యెత్తగానే చూపు తిన్నగా ముందు చుక్క మీదికి పోయింది.

"ఇవి కావాలి," అన్నాను.

"ఆరెంజ్ ఏంటి, పిల్లల బొమ్మలాగా. గ్లాసెస్ పెట్టుకో, గ్రీన్ బానే కనిపిస్తాయి."

"ఎవడైనా మీద పడ్డప్పుడు గ్లాసెస్ వెతుక్కోనా?"

"ప్రతిదానికీ ఆర్గ్యూ చెయ్యకు. వచ్చింది నీ సేఫ్టీ కోసమేగా."

నా కారు, నా ఫోను, ఆఖరికి నా కళ్ళజోడు ఫ్రేము కూడా ఆయన ఎంచినవే, అన్నీ నా కోసమే. షాపతను మా ఇద్దరి మధ్యా ఇబ్బందిగా నిలబడి, మాట మార్చడానికి నన్నడిగాడు, తుపాకీ పర్సులో పెట్టుకుంటానా, నడుముకా అని.

"కార్‌లో," అన్నాను. "హాస్పిటల్లోకి తీసుకెళ్ళకూడదు. గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు."

అనేశాకే నాకు తట్టింది. నా భయం తలుపు దగ్గర్నుంచి కారు దాకా. తుపాకీ ఉండేది కార్‌లో. ఆ నడకంతా నా చేతిలో ఉండేది టిఫిన్ బాక్సు. ఏ రంగు చుక్కలైనా తాళం వేసిన అరలో వాటి మానాన అవి వెలుగుతూ ఉంటాయి. ఈ రూలు క్లాసులో ఇద్దరం పక్కపక్కన కూర్చునే విన్నాం. చర్చి మొత్తం నా భయానికి మందు వెతికింది, ఆ భయం ఎక్కడుందో ఒక్కరూ అడగలేదు.

మోజెస్ వైపు చూశాను. ఆయన ఇంకా గ్రీన్ పెట్టెనే తిప్పి తిప్పి చూస్తున్నారు. అవసరమైతే నేనొక మనిషిని చంపాలి, అది ఆయనకి సమ్మతమే. పొద్దున్నే లేచి కన్నతల్లికి టిఫిన్ పెట్టడం మాత్రం సమ్మతం కాదు.

ఫోన్ తీసి మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. వచ్చే నెల నుంచి డే షిఫ్ట్‌కి వస్తానని. కాసేపటికే సరేనని జవాబొచ్చింది.

"గ్రీనే వేయించండి," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "నే చెప్తూనే ఉన్నా కదా."

"మీ కళ్ళకి ఏవి ఆనితే అవే వేయించుకోండి. తుపాకీ మీరే ఉంచుకోండి. ఒకటో తారీఖు నుంచి నాది డే షిఫ్ట్. అత్తయ్యకి పొద్దున షుగర్ మాత్ర వేశాక అరగంటకి టిఫిన్ పెట్టాలి, మర్చిపోకండి."