దేనితో అని రాయలేదు

ప్రెస్సులో అందరూ ఆమెను కటింగక్క అంటారు. పదకొండేళ్లుగా కాగితాలు కోసే మిషను ఆమెదే. జానెడెత్తు దొంతరను బల్ల మీదికి జరిపి, అంచులు తట్టి సరిచేసి, కొలత చూసుకుని, బటను నొక్కితే కత్తి దిగుతుంది. ఇన్నేళ్లలో ఆమె కోతకు వంక పెట్టినవాళ్లు లేరు.

అలాంటిది ఆ బుధవారం పొద్దున ఐదు వందల ఫారాలను అరంగుళం లోపలికి కోసేసింది. ప్రతి పంక్తిలోనూ చివరి అక్షరం ఎగిరిపోయింది. కింద రిబ్బన్లలా పడిన సన్నటి ముక్కల మీద ఆ అక్షరాలు వరసగా కనిపించాయి.

మేనేజరు నడివయసు మనిషి, ముక్కుసూటి మనిషి. ఆవిడ కేకలు వేయలేదు. పాడైన ఫారాలు చూసింది, కటింగక్క మొహం చూసింది, రిజిస్టరు తెరిచి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని పుస్తకం ఇటు తిప్పి, మోగుతున్న ఫోను అందుకుంది.

కటింగక్క ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. చివరి మాట దగ్గర ఆగిపోయింది. ప్రీఆక్యుపైడ్. ఆక్యుపైడ్ అంటే ఆమెకు తెలుసు. రైల్లో బాత్రూము తలుపు మీద ఎర్రగా కనిపించే మాటే, లోపల మనిషి ఉన్నారని. ప్రీ కూడా తెలుసు. ప్రీపెయిడ్ ఫోనుకు డబ్బు ముందే కడతాం. రెండూ కలిపితే, ముందే నిండిపోయింది అని. అంటే తన చోటు ఇంకెవరికో ఇచ్చేశారన్నమాట! సంతకం పెట్టి బయటికొచ్చింది.

గంట తర్వాత గుమాస్తా వచ్చి, "అక్కా, రేపట్నుంచి నిన్ను కాగితాలు మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోమన్నారు మేడమ్" అన్నాడు.

"మరి మిషనో?"

"ఎవరో వస్తారట."

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. తిన్నగా మెట్ల కింద గదిలో ప్రూఫులు చూసే మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఒకప్పుడు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు.

"మాస్టారూ, నా ఉద్యోగం పోయిందండీ."

"ఎవరన్నారు?"

"రిజిస్టర్లో రాశారు. నేను ప్రీఆక్యుపైడ్ అట. నా చోటు ముందే నిండిపోయిందట."

మాస్టారు నవ్వు దాచుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిండింది నీ చోటు కాదమ్మా, నీ బుర్ర. ప్రీఆక్యుపై అనేది ఒక క్రియ. ఏదో ఒక ఆలోచన అందరికంటే ముందే వచ్చి మనసులో చాప పరుచుకుని కూర్చుంటుంది చూడు. ఇక ఇంకోదాన్ని లోపలికి రానివ్వదు. అదీ ఆ మాటకు అర్థం. చేతిలో పని ఒకటి, తలలో ఉన్నది ఇంకొకటి."

"అంటే పరధ్యానమా?"

"దగ్గరిదగ్గరగా అదే. కాకపోతే పరధ్యానం ఊరికే కూడా వస్తుంది. దీనికి మాత్రం వెనకాల ఒక సంగతి ఉంటుంది. అందుకే ఆ మాట తర్వాత 'విత్' అని పెట్టి, ఫలానాదానితో అని కలుపుతారు. మరి మేడమ్ దేనితో అని రాసింది?"

"దేనితో అని రాయలేదు."

"ఆవిడకు తెలియదు, రాయలేదు. నీకు తెలుసు కదా?"

కటింగక్క స్టూలు మీద కూలబడింది. చీర అంచు మడతలు పెడుతూ చెప్పింది.

"మా ఆయన స్టేషన్లో మైకులో రైళ్ల సంగతులు చెప్తాడు కదండీ. రెండు నెలలుగా గొంతు పూర్తిగా బొంగురుపోయింది. పోయిన వారం గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రేపు. ఇంట్లో ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు మాస్టారూ. పైకి అంటే నిజమైపోతుందేమోనని..."

"పిచ్చిదానా" అన్నాడు మాస్టారు మెల్లగా. "లే. ముందు ఆవిడతో చెబుదాం. నేనూ వస్తాను."

మేనేజరు అంతా విని పెన్ను కింద పెట్టింది.

"పొద్దుట నేను రెండుసార్లు చూశాను. మిషను ముందు నిలబడి గోడకేసి చూస్తున్నావు. ఫారాలు పోతే మళ్లీ అచ్చేసుకుంటాం. వేళ్లు పోతే? అందుకే మడత బల్లకు మార్చాను. ఎందుకు మార్చావని ఓనరుగారు అడిగితే చూపించడానికి ఆ ముక్క రాశాను."

"మరి ఇంకెవరో వస్తారట కదా మేడమ్?"

"రెండో షిఫ్టతను, నువ్వు కుదుటపడేదాకా. నువ్వు లేకపోతే ఆ మిషనుతో నేను వేగలేను తల్లీ. ఇంత జరుగుతుంటే నాతో ఒక్క మాట అనొద్దూ? రేపు రాకు. ఆసుపత్రికి వెళ్లు."

మర్నాడు పది గంటలకు భార్యాభర్తలిద్దరూ డాక్టరు ఎదుట కూర్చున్నారు. డాక్టరు కాగితం తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"గొంతులో చిన్న కండ పెరిగిందండీ. గొంతును అదేపనిగా వాడేవాళ్లకు వస్తుంది. క్యాన్సరు కాదు."

"ఇంకోసారి చెప్పండి డాక్టరుగారూ."

"క్యాన్సరు కాదమ్మా."

"ఇంకొక్కసారి."

పక్కన ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. "మాట్లాడకండి!" అని డాక్టరూ, ఆమే ఒక్కసారే అరిచారు. గొంతుకు ఆరు వారాలు పూర్తి విశ్రాంతి, ఆ తర్వాత మళ్లీ పరీక్ష అని రాసిచ్చి పంపాడు డాక్టరు.

ఆసుపత్రి మెట్ల మీద ఆమె కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని మేనేజరుకు ఫోను చేసింది.

"మేడమ్, ఏం లేదట."

"హమ్మయ్య!" అంది అటునుంచి మేనేజరు. వెనకాల మిషన్ల మోత వినిపించింది. "సోమవారం నుంచి నీ మిషను నువ్వు చూసుకో."

"రేపే వస్తాను మేడమ్."

"వద్దు, రేపు నిద్రపో."

అప్పుడు తెలిసింది ఆమెకు ఎంత ఆకలిగా ఉందో. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఇద్దరూ కడుపునిండా తిని బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చుని ఆమె మాటలు మొదలుపెట్టింది. పక్కింటివాళ్ల గొడవ, కారుతున్న కుళాయి, ఆడపడుచు ఫోను, వారం రోజులుగా లోపల అణిచిపెట్టుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నది ఆ రోజే. కుళాయి సంగతి రెండోసారి చెబుతూ సగంలోనే ఆయన భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయినా ఆయన ఆమెను లేపలేదు.