వద్దు అని పేరు పెట్టిన ఫైలు

చొక్కా గుండీలో సగం కూడా ఉండని కాలర్ మైకుని నేను. ఏదో ఫ్యాక్టరీలో, ఒకే పూట, నాలాంటి నాలుగు వేలమందితో కలిసి పుట్టాను కాబట్టి పుట్టినరోజు ముచ్చట్లేమీ లేవు. మొదట ఒక పెళ్లి వీడియోలు తీసే అతని దగ్గర పనిచేశాను. తాళి కట్టబోతూ పెళ్లికొడుకు క్రికెట్ స్కోరు అడగడం విన్నాను. మనుషుల మీద నాకు పెద్ద ఆశలేమీ మిగల్లేదు.

తర్వాత సెకండ్ హ్యాండ్‌లో తబస్సుమ్ చేతికొచ్చాను. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, సినిమాలకు సౌండ్ రికార్డు చేసే అమ్మాయి. రోజూ నన్ను మెత్తటి బట్టతో తుడిచేది.

తనతో మంచిర్యాల వెళ్లాను. ప్రణీత్ అనే కొత్త డైరెక్టరు అక్కడ చిన్న సినిమా తీస్తున్నాడు. యూనిట్ మొత్తం ఒక్క టాటా ఏస్‌లో పట్టేది. పది తప్పి ఇంట్లోంచి పారిపోయే పిల్ల కథ. ఆ వేషం వేసిన రవళి నటి కాదు, ఆ ఊళ్లో నిజంగానే పది తప్పిన పిల్ల. వాళ్లమ్మ స్వరూప ఇంట్లో జాకెట్లు కుట్టేది. జ్వరంలో పిల్లను పరీక్షకు పంపి తప్పు చేశానని కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేది.

తబస్సుమ్ పొద్దున్నే నన్ను రవళి యూనిఫాం లోపల ప్లాస్టరుతో అతికించేది. తీసి మళ్లీ అతికిస్తే పది నిమిషాలు దండగ కాబట్టి భోజనాలప్పుడూ నేను అక్కడే. ఊరి చప్పుళ్లు పనికొస్తాయని రికార్డరు కూడా ఆపొద్దన్నాడు ప్రణీత్.

ఆరో రోజు పులిహోర తింటూ రవళి తబస్సుమ్‌తో మెల్లగా అంది: "జ్వరం గిరం ఏం లేకుండె అక్కా. లెక్కల పేపరు ఖాళీగనే ఇచ్చిన. పాసైతే కరీంనగర్ హాస్టల్ల ఏస్తరు. నాన తాగొచ్చిననాడు అమ్మ ఒక్కతే అయితది. అమ్మకు మాత్రం చెప్పకు."

తబస్సుమ్ ఒట్టు వేసింది. వేశాక నేను గుర్తొచ్చాను. చెరిపేద్దామనుకునేలోపు షాట్ రెడీ అన్నారు. పొరపాటున ఎవరూ వాడకుండా ఆ ఫైలుకు 'వద్దు' అని పేరు పెట్టి పరిగెత్తింది. సాయంత్రం మామూలుగానే రికార్డరు కార్డు మొత్తం ప్రణీత్ లాప్‌టాప్‌లోకి వెళ్లింది. మర్నాడు తబస్సుమ్ తన దగ్గరున్నది చెరిపేసి తేలికపడింది. ప్రణీత్ దగ్గర ఇంకో కాపీ ఉందని తనకు తట్టలేదు. అక్కడేమో నూట నలభై ఫైళ్లకు అంకెలు, ఒక్కదానికి 'వద్దు'. మనిషి ముందు ఏది తెరుస్తాడో మీకు నేను చెప్పాలా?

ఆరు నెలలకు ఆ ఊరి ఫంక్షన్ హాల్లోనే సినిమా వేశారు. సినిమా అయ్యాక వేదిక మీద జరిగే మాటల కోసం నన్ను ముందుగానే రవళి చున్నీకి పెట్టారు. పక్కనే స్వరూప, కొత్త చీరలో. తెర మీద రవళి గోదారి ఒడ్డున నడుస్తోంది. వెనక నుంచి ఆరో రోజు నేను పట్టిన గొంతు, పులిహోర ముద్దతో సహా. నా కిందే ఉన్న గుండె ఎలా కొట్టుకుందో విన్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది, ఏం నటన అని.

ప్రణీత్ లేచి, అది నటన కాదని, నిజమేనని గర్వంగా చెప్పాడు. తబస్సుమ్ నిలదీస్తే అతను గొంతు తగ్గించలేదు. "సినిమాకు ప్రాణమే అది. నువ్వు ఆ పేరు పెట్టకపోతే నాకు దొరికేదే కాదు."

స్వరూప కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నేను చున్నీకే ఉన్నాను. నా వైరు చివర రవళి నడుముకున్న చిన్న పెట్టె వల్ల గేటు దాకా నా మాట హాల్లోని రికార్డరుకు అందుతుంది. తబస్సుమ్ చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

"నా కోసం తప్పినవా బిడ్డా?" అంది స్వరూప.

రవళి నోరు తెరిచేలోపు అటువైపు టప్పున మూగబోయింది. తబస్సుమ్ రికార్డరు ఆపేసింది.

ఇప్పుడు వైరు తెగి తన డ్రాయరులో పడి ఉన్నాను. ఆ సినిమాకు ఎక్కడో ఉత్తమ ధ్వని బహుమతి వచ్చిందట, తబస్సుమ్ తీసుకోవడానికి వెళ్లలేదు. గేటు దగ్గర రవళి వాళ్లమ్మకు ఏం చెప్పిందో విన్నది నేనొక్కదాన్నే. మీకు చెప్పను.